అందిందని చెప్పాలి కదా

మా అత్తమ్మ పోయిందని చుట్టాలకు ఫోన్లు చేస్తుంటే ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి మాట ఒకటే. "ఆ ఫోన్ గొడవతోనేనా?" కాదని చెప్పాను. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని, గుండె ముందునుంచే అంతంతమాత్రమని, డాక్టర్లు చెప్పిందే నేనూ చెప్పాను. ఉప్పల్‌లోని ఆసుపత్రి వరండాలో నిలబడి, అవతలివాళ్ల ఏడుపు ఆగేదాకా ఆగి, మళ్లీ ఇంకొకరికి అదే చెప్పాను. మా ఆయన మాట్లాడే స్థితిలో లేడు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నేను చెబుతున్న కారణం నాకే పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నేను తెనాలి వైపు నుంచి వచ్చినదాన్ని. పెళ్లయిన కొత్తలో "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూసేది. "నన్నేనా బిడ్డా? అత్తమ్మా అను, సాలు. గారు గీరు అంటే నేనేదో పెద్ద ఆఫీసుల కూసున్నట్టుంటది" అంది. ఆ రోజు నుంచి అత్తమ్మే. జనగామ దగ్గరి పల్లె ఆమెది. మామయ్యకు నాచారం ఫ్యాక్టరీలో పని దొరికితే ఆయన వెంట వచ్చి, పరీక్ష రాసి, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరైంది. ట్రంకు కాల్స్ కలిపే పని. తలకు హెడ్‌సెట్టు, ఎదురుగా బోర్డు, చేతిలో ప్లగ్గు. తానెన్నడూ చూడని మనుషులను, తానెన్నడూ చూడని ఇంకెవరితోనో కలుపుతూ ఉద్యోగం పూర్తి చేసింది.

ఉద్యోగం అయిపోయినా దాని అలవాట్లు అయిపోలేదు. ఇంట్లో ఎవరైనా మాట మధ్యలో ఫోన్ పెట్టేస్తే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. "లైన్ల మనిషి ఉండంగ ప్లగ్గు గుంజుతరా ఎవరన్నా? అవతల ఉన్నది మనిషి కాదా?" అని కసిరేది. అప్పు ఇస్తామని, ప్లాట్లు అమ్ముతామని ఫోన్లు చేసే పిల్లలు ఉంటారు కదా, వాళ్ల మాట కూడా చివరిదాకా వినేది. విని, "నాకొద్దు బిడ్డా. నువ్వు అన్నం తిన్నవా?" అని అడిగేది. బోడుప్పల్‌లో ప్లాటు అమ్మబోయిన ఒక కుర్రాడు ఆమెతో వాళ్ల అక్క పెళ్లి సంగతులన్నీ చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. ప్లాటు మాట వాడూ మర్చిపోయాడు.

మామయ్య పోయాక ఆమె పగలంతా ఒక్కతే ఇంట్లో ఉంటుందని మా ఆయన ఒక ట్యాబు కొనిపెట్టాడు. భక్తి పాటలు వింటుందని ఆయన ఊహ. ఆమె ఆ ట్యాబులోంచి పోస్టుకార్డుల లోకాన్ని పట్టుకొచ్చింది.

పద్ధతి ఏమిటంటే, ఒక వెబ్‌సైటు ఉంది. అందులో చేరితే ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఎవరిదో ఒక అడ్రసూ, దానితోపాటు ఒక నంబరూ ఇస్తుంది. ఆ నంబరు కార్డు మీద వేసి, నాలుగు మాటలు రాసి పంపాలి. అవతలివాళ్లు కార్డు అందుకున్నాక ఆ నంబరును సైటులో కొట్టి, అందిందని చెప్పాలి. వాళ్లు అలా చెప్పాకే మన వంతు వస్తుంది, ఇంకే దేశంలోనో ఇంకెవరికో మన అడ్రసు వెళుతుంది. అంటే మనం రాసినవాళ్లు మనకు రాయరు, మనకు రాసేవాళ్లకు మనం రాయలేదు. మధ్యలో ఒకరు బద్ధకించి అందిందని చెప్పకపోతే, పంపిన మనిషి ఎదురుచూస్తూ ఉండిపోవలసిందే. నాకు మొదట్లో ఇది అయోమయంగా ఉండేది. "నీకు రాసినోళ్లకే నువ్వు రాస్తే అది బాకీ తీర్చుకున్నట్టు అయితది. ఇది గట్ల గాదు. ఇది మా ఎక్స్చేంజి లెక్కనే" అని తేల్చేసింది.

పంపడానికి కార్డులు కావాలి కదా. కోఠీ దాకా పోయి వెతికితే దొరికినవన్నీ చార్మినారే. "నేనుండేది నాచారంల. చార్మినార్ బొమ్మ పంపిస్తే అబద్ధమాడినట్టు గాదా?" అని ఆమె సందేహం. చివరికి నన్ను వెంటేసుకుని తిరిగి ఫొటోలు తీయించింది. ఉప్పల్ కూడలిలో ఆ గుండ్రటి వంతెన, దాని మీద కుంటుతూ నడిచే తానూ. మౌలాలి గుట్ట. మా సందు మలుపులో ఆగి డ్రైవరు నిద్రపోతున్న లారీ. స్టూడియోలో దళసరి కాగితం మీద వాటిని అచ్చు వేయించింది. ఆ లారీ బొమ్మ జపాన్‌లో ఒకాయనకు ఎంతగానో నచ్చిందట.

రాసే మాటలు కూడా అలాంటివే. ఆమె ఇంగ్లీషు ఆపరేటరు ఇంగ్లీషు, పొట్టిది, మర్యాదైనది. "ఈ రోజు మాకు నీళ్లు రాలేదు. రేపు వస్తాయి అన్నారు." "మా వీధిలో ఒకావిడ పచ్చడి పెడుతోంది, వాసన ఇక్కడిదాకా ఉంది." ఎవరో జర్మనీ ఆయనకు మన నీళ్ల సంగతెందుకు అత్తమ్మా అంటే, "మరి ఏం రాయాలె? ఆయనకు తాజ్ మహల్ సంగతి తెల్వదా? మా ఇంట్ల నీళ్లు రాలేదన్నది తెల్వదు గద" అంది.

వచ్చిన కార్డు ఏదైనా సరే, చెప్పులు విప్పేలోపే నంబరు కొట్టేది. పొయ్యి మీద పాలున్నా సరే. ముందు అందిందని చెప్పి, ధన్యవాదాలు రాసి, అప్పుడు బొమ్మ చూసేది. నేను నవ్వితే విసుక్కునేది.

ఆ ఫోన్ మొన్నటి ఎండాకాలంలో వచ్చింది.

మీ పేరు మీద విదేశం నుంచి వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని చెప్పే ఫోన్లు ఎన్ని ఇళ్లకు వస్తున్నాయో అందరికీ తెలుసు. మీకో నాకో వస్తే నవ్వి పెట్టేస్తాం. మనకు విదేశాల నుంచి పార్సిళ్లు ఎవడు పంపుతాడు? మా అత్తమ్మకు నిజంగానే పోస్టు వస్తుంది. అదీ వచ్చిన చిక్కు. "మీకు వేరే దేశాల నుంచి పోస్టు వస్తుందా?" అని వాడు అడిగితే, "వస్తది సార్" అంది. ఏయే దేశాలని అడిగితే అన్నీ చెప్పింది. చివరగా వచ్చింది ఎక్కడినుంచని అడిగితే, "నిన్ననే చెక్ దేశం నుంచి ఒకామె పంపింది సార్" అంది. "అదే" అన్నాడు వాడు. వాడికి అబద్ధం అల్లుకునే శ్రమ కూడా లేకుండా నూలంతా ఈవిడే అందించింది.

తర్వాత, ఫోన్ లైను అలాగే ఉండగా, పోలీసు డ్రెస్సులో ఇంకొకడు ట్యాబులో వీడియో మీదికి వచ్చాడు. తలుపు గడియ పెట్టమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. లైను కట్ చేస్తే అరెస్టే అన్నాడు. ఆ బెదిరింపు వాడికి దండగ. మా అత్తమ్మ మధ్యలో పెట్టేసే మనిషి కాదు.

నేను ఉప్పల్‌లో ఒక ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తాను. పని తెరిపిచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చేయడం అలవాటు. ఆ రోజు ఎప్పుడు చేసినా ఎంగేజే. మధ్యాహ్నానికి మనసు ఊరుకోక ఆటో ఎక్కాను. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్, రోడ్డంతా నారింజ చొక్కాలు. ఆటో కదలదు. నాకు క్రికెట్ మీద ఆ రోజు పుట్టిన కోపం ఇంకా తగ్గలేదు. ఇంటికి చేరి తలుపు కొడితే లోపల గడియ.

"అత్తమ్మా, నేను. తలుపు తియ్యండి."

"లోపలికి రాకు బిడ్డా. నీకు గూడ సుట్టుకుంటది. సార్ లైన్ల ఉన్నడు."

"ఏ సారు?"

పక్క సందులోంచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కొంగు భుజాల నిండా కప్పుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, ఇంటర్వ్యూకి వచ్చినట్టు. ట్యాబును కిటికీ పక్క బల్ల మీద మంచినీళ్ల బాటిల్‌కు ఆనించి పెట్టింది. చేతిలో ఒక కార్డు పైకెత్తి పట్టుకుని, దాని మీద ఉన్న పేరును ఒక్కో అక్షరమే వాడికి చదివి వినిపిస్తోంది. తప్పు పోకుండా, ఎక్స్చేంజిలో చదివినట్టు. నేను ఊచల్లోంచి చెయ్యి దూర్చి ట్యాబు లాగి నేలకేసి కొట్టాను. అది పగిలిన చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, "అయ్యో, సార్ ఏమనుకుంటడో" అంది.

డబ్బు పోలేదు. వాడు ఇంకా పెన్షను ఖాతా దాకా రాలేదు. కంప్లయింటు ఇచ్చాం, రాసుకున్నారు. వచ్చినవాళ్లందరూ, "డబ్బు పోలేదు కదా, ఇంకేంటి, అదృష్టవంతురాలు" అన్నారు. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. అందరూ వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"ఆమె పేరు జెప్పిన బిడ్డా."

"ఎవరి పేరు?"

"ఆ చెక్ దేశపామె. మత్తుమందు ఎవరు పంపిన్రు అని అడిగితే ఆమె పేరు జెప్పిన. ఊరు గూడ జెప్పిన. ఆమె నాకేం జేసింది? బొమ్మ పంపింది. గంతే."

వాడు దొంగ, వాడికి చెప్పిన పేరు ఏ కేసులోకీ ఎక్కదు, ఆమెకు ఏమీ కాదు అని ఎంత చెప్పినా వినలేదు. ఆమె బాధ ఆ పేరు ఎక్కడికి పోయిందన్నది కాదు. భయం వేసిన క్షణంలో తన నోటి నుంచి అది వచ్చిందన్నది. "ఈ కార్డులు రాసేటోళ్లను నేను నమ్మిన అనుకున్న. నమ్మలే. అడగంగనే జెప్పిన" అంది.

మా ఆయన హడలిపోయాడు. "అమ్మా, ఇగ బంజెయ్ ఇవన్ని. దునియాల ఉన్నోళ్లందరికి మన అడ్రస్ ఎందుకు?" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను, తల్లికి ఏమైనా అవుతుందనే ఆయన భయం. ఆమె గోడ మీది కార్డులన్నీ తీసి బీరువాలో చీరల కింద పెట్టింది. ఫోన్ ఎత్తడం మానేసింది. తెలియని నంబర్లే కాదు, నేను చేసినా, కొడుకు చేసినా మోగి మోగి ఆగిపోయేది. ఎవరైనా గేటు తీస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేది. ఒక రోజు పోస్ట్‌మ్యాన్ నన్ను సందు మొదట్లో ఆపి, "అమ్మకు పాణం బాగలేదా మేడం? మూడుసార్లొచ్చిన, బయటికొస్తలేదు. కార్డులు చేతికే ఇయ్యాలని నాతోనే పెట్టుకున్న" అన్నాడు. తీసుకెళ్లి ఇస్తే చూడకుండానే టీవీ మీద పెట్టింది.

ఇక్కడే మాకూ ఆమెకూ గొడవ. ఆ చెక్ ఆవిడ కార్డు వచ్చిన సాయంత్రం మా ఇంట్లో నెట్ లేదు. పొద్దున్నే కొడదామనుకుంది, పొద్దున్నే ఆ ఫోన్ వచ్చింది. అందుకని దాని నంబరు ఇంకా కొట్టలేదు. ఆమెకు అందిందని తెలియదు. పంపింది దారిలో పోయిందనుకుంటూ ఉంటుంది. అత్తమ్మకు అన్నం సహించకపోవడానికి అదీ ఒక కారణమని నాకు అర్థమైంది. "నా ఫోన్‌లో కొట్టేస్తాను. అందింది, థాంక్యూ అని రాసేస్తే సరిపోతుంది" అన్నాను.

"అందినంక నేను జేసిన పని?"

"అది ఆమెకెందుకు అత్తమ్మా?"

"ఆమె పేరు గద. ఆమెకు గాక ఎవరికి జెప్పాలె?"

చెబితే ఆమె భయపడుతుంది, అక్కడి పోలీసుల దగ్గరికి వెళుతుంది, లేనిపోనిది మన మెడకు చుట్టుకుంటుందని మా ఆయన. ఉత్త థాంక్యూ రాస్తే అబద్ధమాడినట్టేనని ఆమె. అది చెప్పకుండా మిగతా కార్డులకు కూడా అందిందని చెప్పనని కూర్చుంది. టీవీ మీద కార్డులు పేరుకున్నాయి. ఎండాకాలం అలాగే గడిచింది. మనిషి చిక్కిపోయింది. నాతో మాట్లాడేది, నవ్వేది కూడా. కానీ మాట మధ్యలో ఎక్కడికో పోయేది.

వానలు మొదలైన వారంలోనే దగ్గు పట్టుకుంది. దగ్గు జ్వరమైంది, జ్వరం ఆయాసమైంది. "దవాఖానాకు వద్దు" అంటూనే ఆటో ఎక్కింది. చేర్చుకున్న మర్నాటి సాయంత్రం, మా ఆయన మందులకని కిందికి దిగిన వేళ, "ఫోన్ తియ్యి" అంది. అడగకుండానే నంబరు చెప్పింది. కార్డు ఇంట్లో ఉంది, నంబరు ఆమె నోట్లో ఉంది. ఆమె తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టాను.

"మీ కార్డు అందింది. నదిల పడవ బొమ్మ మంచిగున్నది. అందిందని జెప్పుడు ఆలస్యమైంది. ఒక దొంగ ఫోన్ జేసి బెదిరిస్తే నేను మీ పేరు జెప్పిన. మీది ఏ తప్పు లేదు. నేను భయపడి జెప్పిన. మాఫ్ జెయ్యిన్రి."

నేను "పొరపాటున చెప్పాను" అని మార్చబోయాను. చదివి వినిపించమంది. విని, "పొరపాటు గాదు, భయం. గదే రాయి. మెత్తగ జెయ్యకు" అంది. రాశాను. నొక్కాను.

"పోయిందా?"

"పోయింది."

"ఇగ ఆమె వంతు నడుస్తది" అంటూ కళ్లు మూసుకుంది. ఆ ముఖంలో కాస్త తెరిపి చూశాను. అది నిజంగా ఉందో, నేను చూడాలనుకుని చూశానో తెలియదు.

మా ఆయన పైకొచ్చాక చెప్పాను. తిడతాడనుకున్నాను. తల్లి దుప్పటి సర్దుతూ, "మంచిదే" అన్నాడు అంతే.

తర్వాత ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాట్లాడటానికి లేదు. నేను లోపలికి వెళ్లినప్పుడల్లా నా చేతిలో ఫోన్ వైపు చూసి కనుబొమలెత్తేది. ఏమన్నదా, అని. లేదని తల ఊపేదాన్ని. ఒక అబద్ధం చెప్పొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఆ కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను. జవాబు రాలేదు. ఆమె ఎదురుచూస్తూనే పోయింది. నిమ్మళంగా పోయిందని రాస్తే నాకు హాయిగా ఉండేది, కానీ అలా పోలేదు.

పెద్దకర్మ రోజు, బంతిలో వడ్డన జరుగుతుండగా ఫోన్ గుయ్‌మంది. చెక్ ఆవిడ. చేతులు కడుక్కుని మెట్ల మీద కూర్చుని చదివాను. ఆలస్యానికి క్షమించమంది, ఊళ్లో లేదట. "నా పేరు ఇక్కడ సగం ఊరికి ఉంటుంది, దాని గురించి దిగులుపడకండి" అని రాసింది. "మా అమ్మకు కూడా అలాంటి ఫోనే వచ్చింది. వాళ్లు అడిగినవన్నీ చెప్పేసింది. అప్పటి నుంచి సిగ్గుతో ఎవరితోనూ మాట్లాడటం లేదు. మీరు రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చాలా రోజుల తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగింది, ఈమె ఎక్కడుంటుందని. మీకు తనే రాస్తానంటోంది."

అంతమంది మధ్య అక్కడే కూర్చుని ఏడ్చాను. అత్తమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. పోయిందని ఆవిడకు వెంటనే రాయాలి. ఎలా రాయాలో చేతకాలేదు. మీ అమ్మ చాలా రోజులకు ఒక మనిషి గురించి అడిగింది, ఆ మనిషి లేదు అని ఎలా చెప్పను? ఇవాళా రేపూ అంటూండగానే కార్డు వచ్చేసింది.

పోస్ట్‌మ్యాన్ నిన్న తెచ్చాడు. గేటు దగ్గర కాసేపు నిలబడి, "చేతికే ఇయ్యాలె, మరి మీకే ఇస్తున్న" అని నా చేతిలో పెట్టాడు. బొమ్మలో కోసేసిన పొలం, దాని మీద పెద్ద ఆకాశం. వెనక వణికే చేతిరాత. ఒక్కో ఇంగ్లీషు అక్షరం పక్కన పెట్టుకుని చూసి రాసినట్టుంది. "నాకు ఇంగ్లీషు రాదు. కూతురు రాసిచ్చింది చూసి రాస్తున్నాను. మీరు ధైర్యవంతులు. నేను ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఎత్తుతున్నారా?"

మా ఆయన చదివాడు. కార్డును తిరిగి నా చేతిలో పెట్టాడు. "రాయి" అన్నాడు చివరికి.

"ఏమని?"

"నాకేం తెల్సు. రాయి నువ్వు."

నిన్నటి నుంచి నా ముందు ఒక కార్డు ఉంది. కుడివైపు ఆ తల్లి పేరు, ఊరు రాశాను. ఎడమవైపు ఖాళీ. అత్తమ్మ పోయిందని రాస్తే ఆ పెద్దావిడ మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని భయం, రాయకపోతే లేని మనిషి కోసం ఎదురుచూస్తుంది. పెన్ను పక్కన పెట్టి ఆవిడ కార్డునే మళ్లీ చేతిలోకి తీసుకుంటున్నాను. చాలా గట్టిగా నొక్కి రాసింది. ఇటు తిప్పి బొమ్మ మీద వేలితో తడిమితే, ఆ ఖాళీ ఆకాశంలో ఒకచోట, ప్రశ్నార్థకం ఉబ్బెత్తుగా తగులుతోంది.